యుద్ధభాషలో మార్కుల లిస్టు

ప్రభుత్వ రిపోర్టులని సాహిత్యంలా చదివే దురలవాటు ఒకటుంది నాకు. చాలావాటిలో పదో పేజీ దాటలేం. 1983 ఏప్రిల్‌లో అమెరికాలో వచ్చిన ‘ఎ నేషన్ ఎట్ రిస్క్’ మాత్రం ఒక్క కూర్చోవడంలో అయిపోయింది. రీగన్ దగ్గర విద్యాశాఖ చూసిన టెరెల్ బెల్ వేసిన కమిషన్, దీన్ని ప్రజలకు బహిరంగ లేఖలా రాసింది. కమిటీ భాష కాదిది. మన బడులకు పట్టిన ఈ గతి ఏ శత్రుదేశమో పట్టించి ఉంటే దాన్ని యుద్ధంగానే లెక్కేసేవాళ్ళం అంటుంది మొదట్లోనే. కోల్డ్‌వార్ రోజుల్లో ఆ మాట ఎలా పేలి ఉంటుందో ఊహించుకోవచ్చు. చివర్లో పిల్లలతో నేరుగా మాట్లాడే భాగం చదువుతుంటే మా ఇంటర్ కాలేజీ ప్రిన్సిపాల్ గుర్తొచ్చాడు.

వచనంగా దీనికి నా మార్కులు ఎక్కువే. పేచీ అంతా వాదనతో.

భయపెట్టడానికి వాడిన అంకెల్లో ముఖ్యమైనవి శాట్ స్కోర్లు. 1963 నుంచి 1980 మధ్య సగటు వెర్బల్ స్కోరు 50 పాయింట్లకు పైగా, లెక్కల స్కోరు దాదాపు 40 పాయింట్లు పడిపోయాయి. అంకెలు నిజమే. కానీ శాట్ అందరూ రాసే పరీక్ష కాదు, కాలేజీకి వెళ్దామనుకున్నవాళ్ళు రాసేది. అరవైల్లో ఆ తలుపు కొంచెం తెరుచుకుంది. అంతకుముందు ఆ హాల్లో పెద్దగా కనిపించని ఇళ్ళ పిల్లలు కూడా వచ్చి కూర్చున్నారు. 1970 దాకా స్కోర్లు పడటానికి చాలావరకు కారణం ఇదేననీ, ఆ తర్వాత పడినదానికి మాత్రం ఈ కారణం ఒక్కటే చాలదనీ 1977లోనే విల్లర్డ్ వర్ట్జ్ ప్యానెల్ తేల్చింది.

కమిషన్‌కి ఈ సంగతి తట్టలేదా అంటే, తట్టింది. ఇప్పటి సగటు గ్రాడ్యుయేట్ పాతికేళ్ళ కిందటివాడంత చదువుకున్నవాడు కాడని చెబుతూ, అప్పట్లో చదువు పూర్తిచేసినవాళ్ళు జనాభాలో చాలా తక్కువమంది అని ఒక ఉపవాక్యంలో ఒప్పుకుంటుంది. రిపోర్టు మొత్తంలో నాకు ముఖ్యమనిపించింది ఆ ఉపవాక్యమే. అక్కడ ఆగి ఉంటే ఇది వేరే పుస్తకం అయ్యేది. ఆగలేదు.

మా పనిలో ఇది రోజూ చూసేదే. యాప్ కొత్తగా పాత ఫోన్లున్నవాళ్ళ దాకా చేరితే, ప్రతి ఒక్కరికీ స్పీడ్ పెరిగినా సగటు లోడింగ్ టైమ్ మాత్రం పెరుగుతుంది. సింప్సన్ పారడాక్స్ అంటారు. తొంభైల మొదట్లో సాండియా నేషనల్ లాబొరేటరీస్ వాళ్ళు స్కోర్లని గ్రూపులుగా విడగొట్టి చూపించింది కూడా ఇలాంటిదే: సగటు తగ్గుతున్నా, చాలా గ్రూపుల స్కోర్లు నిలకడగానో పెరుగుతూనో ఉన్నాయి. సాండియా అణ్వాయుధాల ల్యాబ్ అన్నది ఇక్కడ చిన్న తమాషా. యుద్ధం లేదని చెప్పింది వాళ్ళు! ఆ రిపోర్టు మీదా విమర్శలొచ్చాయి. ఏదేమైనా గ్రాఫులు గుర్తుండవు, యుద్ధం గుర్తుంటుంది.

యుద్ధానికి గడువులు కావాలి. 2002లో సంతకమైన ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టం, 2014కల్లా పిల్లలందరూ చదవడంలో, లెక్కల్లో ‘ప్రొఫిషియెంట్’ కావాలంది. అందరూ అంటే నూటికి నూరుశాతం. టార్గెట్ అందుకోని బడికి శిక్షలు. అట్లాంటాలో జార్జియా రాష్ట్రం చేయించిన దర్యాప్తు 2011లో బయటపెట్టిందేమిటంటే, 44 బడుల్లో మోసం జరిగింది, 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ళకు అందులో చెయ్యుంది. పిల్లల జవాబుల్ని చెరిపి దిద్దినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. దీన్ని 1983 రిపోర్టు నెత్తిన రుద్దడం అన్యాయమే. అయితే ఒక్క అంకెతో బడిని తూచే అలవాటుకి అంత గంభీరమైన గొంతు ఇచ్చింది మాత్రం అదే.

ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఇల్లు చూసే మనవాళ్ళు ముందు అడిగేది స్కూల్ రేటింగ్. పదికి తొమ్మిది. అది బడి నేర్పినదా, ఆ వీధిలో ఇల్లు కొనగలిగిన తల్లిదండ్రులు తెచ్చిపెట్టినదా అన్నది ఆ తొమ్మిదిలో కనపడదు.

2024 నేప్ పరీక్షలో ఎనిమిదో తరగతి లెక్కల సగటు 274. 2022లోనూ అంతే. మార్పేమీ లేదు. ఈ రెండేళ్ళలో పై వరసల పిల్లల స్కోర్లు పెరిగాయి, కింది వరసల పిల్లల స్కోర్లు ఇంకా తగ్గాయి.