గుటక కోసం పైకొచ్చే చేప

నీళ్లలో ఊపిరాడక చచ్చిపోయే చేప ఒకటుంది. కొర్రమీనును వలసంచిలో వేసి, సంచిని పూర్తిగా నీటి అడుగుకు దించి కట్టేస్తే కాసేపటికి ప్రాణం వదిలేస్తుంది. అదే చేపను తడిగోనెలో చుట్టి గట్టు మీద పెడితే గంటల తరబడి బతుకుతుంది. దాని తలలో, మొప్పలకు పైన, గాలిని నింపుకునే గదులుంటాయి. పెద్ద చేపకు మొప్పలు ఒక్కటే చాలవు. కొన్ని నిమిషాలకొకసారి పైకొచ్చి గాలి గుటక వేసి తీరాలి. ఈ ఒక్క సంగతి బాగా పట్టుబడితే గాలం వేట సగం వచ్చినట్టే అని నా నమ్మకం.

అది నాకు పట్టుబడటం మొదలైంది హైదరాబాద్ పాతబస్తీలోని జహనుమా వాడ దగ్గర. జహనుమా అంటే ఫారసీలో లోకాన్ని చూపేది. ఆ వాడకు మీర్ ఆలం చెరువు ఎంతో దూరం కాదు. 1806 నాటి కట్ట అది. 21 అర్ధచంద్రాకారపు కమానులను వరసగా పడుకోబెట్టి, నీటి బరువును వాటి వంపుల మీదికి తీసుకున్నారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ రాకముందు నగరానికి తాగునీళ్లు ఇచ్చిన చెరువు. ఇప్పుడు మురుగు చేరి, గుర్రపుడెక్క కమ్మి ఉంది. అక్కడ పట్టిన చేపను వండుకోమని నేనెవరికీ చెప్పను. కానీ నీటి మీద చూపు నిలపడం నేను నేర్చుకున్నది ఆ ఒడ్డునే, చేతిలో గాలం లేకుండా. ఏది గాలికి రేగిన అల, ఏది చేప లేపిన వలయం, ఏది అడుగు బురదలోంచి వచ్చిన ఉత్త బుడగ అని తేల్చుకోవడానికే నాకు రెండు వానాకాలాలు పట్టింది.

పాతబస్తీలో కొర్రమీనును మరల్ అంటారు. తెలంగాణ పల్లెల్లో కొర్రమట్ట, బొమ్మె. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. ముళ్లు తక్కువ, కండ గట్టి, బజారుకు ప్రాణంతో వస్తుంది. అందుకే ధర కూడా ఎక్కువే. రవ్వ, బొచ్చె ఊపిరందక తేలిపోయే నీళ్లలో సైతం ఇది నిలబడుతుంది. చెరువు ఎండితే బురదలో దూరి వానకోసం కాచుకుంటుంది.

అమెరికాలో గాలం పట్టేవాళ్లు బాస్ చేపను ఎంత శ్రద్ధగా చదువుతారో మన చెరువుల మీద కొర్రమీనును అంత శ్రద్ధగా చదవాలి. రెండూ పొంచి ఉండి మీదపడే చేపలే. వెంటాడి అలసిపోవడం కొర్రమీను పద్ధతి కాదు. జమ్ము మొదళ్లలోనో తామరాకుల నీడలోనో కర్రముక్కలా కదలకుండా ఉంటుంది. కళ్లు తలకు ముందువైపు, పైకి ఉంటాయి కాబట్టి దాని చూపు నీటి మీదికే. ఒంటి పక్కన సాగే గీత నీటిలోని చిన్న కదలికను కూడా పసిగడుతుంది. గట్టు మీద దబదబా నడిచినవాడికి, నీడ నీటి మీద పడేలా నిలబడినవాడికి అది ఎందుకు దొరకదో దీన్నిబట్టి తెలుస్తుంది.

అందుకే ముందు గాలం తీయకూడదు. గుటక ఎక్కడ వేసిందో చూసి, మళ్లీ ఎంతసేపటికి వేస్తుందో లెక్కపెట్టాలి. ఎండకు నీరు కాగి ప్రాణవాయువు తగ్గితే గుటకలు దగ్గరదగ్గరగా పడతాయి. పొంచి ఉన్న చేప ఊపిరి తీసుకుని సాధారణంగా తన చోటికే దిగుతుంది. ఎరను సరిగ్గా దాని నెత్తిన వేస్తే బెదురుతుంది. ఆ చోటు దాటించి, నాలుగైదు అడుగులు అవతల వేసి, ఆకుల మీదుగా లాక్కుంటూ ఖాళీ నీటిలోకి జార్చాలి. చలికాలంలో దాని ఒళ్లు నీటితోపాటే చల్లబడుతుంది, ఆకలీ మందగిస్తుంది. అప్పుడు తెల్లవారుజామున వణుకుతూ కూర్చోవడం వృథా. పొద్దెక్కి గట్టు వార నీళ్లు కాస్త వెచ్చబడ్డాక పోవాలి.

చేప మీదపడినప్పుడు పెద్ద చప్పుడవుతుంది. గుండె ఝల్లుమంటుంది, చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. నా చేపలన్నీ అక్కడే పోయేవి. ఒక ఊరి చెరువు మీద పక్కన కూర్చున్న తాత నా మణికట్టు పట్టుకుని, "ఆగు బిడ్డా, మింగనీ" అన్నాడు. ఎరగా వేసిన కప్ప కనబడకుండా పోయి, దారం బరువుగా ఒక పక్కకు సాగినప్పుడే కొట్టాలట. ఆ రెండు క్షణాల ఓపికను మించిన మెళకువ నాకు ఇప్పటికీ తెలియదు.

వెనకటివాళ్లు బతికున్న కప్పనే ఎరగా కట్టేవారు. నేను రబ్బరు కప్పనే వాడతాను. పొలంలో పురుగులను తినే కప్పను కాపాడుకోవడానికే 1987లో కప్ప కాళ్ల ఎగుమతిని దేశం ఆపేసింది. రబ్బరు కప్ప కొక్కేలు వీపుకు అతుక్కుని ఉంటాయి కాబట్టి నాచు తగులుకోదు, పనీ బాగా జరుగుతుంది.

ఇక అసలు మాట. తొలకరికి నీరు పెరగగానే కొర్రమీను జంట గట్టు వార గడ్డిని తొలిచి చిన్న మడుగు చేసుకుంటుంది. గుడ్లు నీటి మీద తేలుతాయి, ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి. ఎర్రని పిల్లలు వందలు వందలుగా ఒకే ముద్దగా తిరుగుతాయి. వాటి కిందే పెద్ద చేప కాపలా. ఆ ముద్ద మీదుగా ఏది పోయినా అది మీదపడుతుంది, ఆకలితో కాదు, పిల్లల కోసం. కొర్రమీను ప్రవర్తన తెలిసినవాడికి ఇంతకంటే సులువైన వేట ఉండదు. చాలామంది చేసేదీ ఇదే. తల్లినో తండ్రినో తీసేస్తే ఆ పిల్లలు మిగతా చేపలకు, కొంగలకు మేత. బాస్‌లో మగచేప గూడు కాస్తుంది. కెనడాలోని ఒంటారియోలో చాలా నీళ్లలో ఆ రోజుల్లో దాని వేటే మూసేస్తారు. మనకూ అలాంటి పట్టింపు కావాలి.

మృగశిర కార్తె నాడు నగరమంతా చేప తింటుంది. జహనుమాకు దగ్గరలోని దూద్‌బౌలిలో మొదలైన బత్తిని కుటుంబం ఉబ్బసానికని ఇచ్చే చేప ప్రసాదంలో, బతికున్న కొర్రమీను పిల్ల నోట్లోనే మందు పెడతారు. ఆ ప్రసాదం 1845 నుంచి ఉందని వాళ్లు చెబుతారు. సరిగ్గా అవే రోజుల్లో చెరువుల్లో ఈ చేప జత కట్టడానికి సిద్ధమవుతుంది.

ఆ తాతతో చివరిసారి కూర్చున్నదీ ఆ వానల్లోనే. ఆకాశం తెరిపిగా ఉంది. అయినా ఎదురుగా చాపంత మేర నీటి మీద చినుకులు పడుతున్నట్టు కనిపించింది. పిల్లలు ఊపిరి కోసం ఒకేసారి పైకొస్తున్నాయి. తాత దారం చుట్టుకుని, కర్ర భుజాన వేసుకుని, అవతలి గట్టుకు నడిచాడు.