కర్త లేని క్రియ : ఎల్బీనగర్ స్మృతికవిత్వం

2009 నవంబర్ 29న ఆమరణ దీక్షకు కరీంనగర్ నుండి సిద్దిపేట బయలుదేరిన కె. చంద్రశేఖరరావును పోలీసులు అలుగునూరు వద్ద అరెస్టు చేశారు. అదేరోజు ఎల్బీనగర్‌లో ఆత్మాహుతికి పాల్పడిన కాసోజు శ్రీకాంతాచారి డిసెంబర్ 3న మరణించాడు. దిల్‌సుఖ్‌నగర్ దాటి విజయవాడ దారి పట్టినవారికి ఎల్బీనగర్‌లో అతని విగ్రహం కనిపిస్తుంది.

అతనిపై వెలువడిన స్మృతికవిత్వంలో ‘అమరుడు’, ‘ఆహుతి’ అన్న మాటలు తరచుగా వినిపిస్తాయి. ‘ఆహుతి’ యజ్ఞపరిభాష. యజ్ఞంలో సమర్పణే తప్ప జవాబుదారీ ఉండదు. అందువల్ల, ఇంకా మొదలే కాని దీక్షను అడ్డుకున్న అరెస్టు కవితకు వెలుపలే మిగులుతుంది. నిరాయుధంగా, శాంతియుతంగా సమావేశమయ్యే హక్కునిచ్చిన రాజ్యాంగ 19(1)(బి) అధికరణం ప్రస్తావనకే రాదు. ‘లాఠీచార్జి జరిగింది’ అనే అధికారిక వాక్యంలోనూ కర్త ఇలాగే లుప్తమవుతాడు. (ఈ పోలిక కవులకు రుచించకపోవచ్చు, కానీ వ్యాకరణం ఉద్దేశాలను లెక్కించదు.)

2000 ఆగస్టు 28న విద్యుత్ ఛార్జీల పెంపును నిరసించినవారిపై బషీర్‌బాగ్‌లో పోలీసులు జరిపిన కాల్పులను రాసే కవికి ఈ వెసులుబాటు తక్కువ. అక్కడ తూటా ఎవరి తుపాకీలోంచి వచ్చిందో చెప్పకుండా పద్యం ముందుకు సాగదు.