నలుపు తెలుపుల్లో చూడటం తెలిసిన కన్ను

వెలుగోడు రిజర్వాయరు కట్ట మీద తెల్లారుజామున నిలబడితే పొద్దు నల్లమల వెనక నుంచి ఎక్కుతుంది. వెలుతురు మన ముఖాన కొడుతుంది, నీళ్లు తళతళలాడతాయి, పుట్టి మీది మనిషి ఉత్త నలుపైపోతాడు. నలుపు తెలుపు ఫొటోకు ఇంతకంటే మంచి వేళ ఉండదు. కానీ అక్కడ ఫోన్లు ఎత్తినవాళ్లంతా ఆకాశంలో నారింజ రంగు కోసమే ఎగబడతారు. ఇంటికి పోయాక అదే ఫొటోలో రంగు పీకేసి ‘బ్లాక్ అండ్ వైట్’ అని స్టేటస్ పెడతారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

రంగు పీకేస్తే మిగిలేది బూడిద. ఎండాకాలం ముందు నల్లమలలో మోదుగ పూస్తుంది చూడండి. ఎర్రటి పువ్వు, వెనక పక్క చెట్ల పచ్చటి ఆకు. కంటికి ఎంత తేడా! నలుపు తెలుపు ఫిల్ము మీద ఆ రెండూ దాదాపు ఒకే బూడిద రంగులో పడి, పువ్వేదో ఆకేదో తెలియకుండా పోతాయి. అందుకే తెలిసినవాడు లెన్సుకు ఎర్ర ఫిల్టరు బిగిస్తాడు. పువ్వు తెల్లగా లేస్తుంది, ఆకు నల్లబడుతుంది, నీలాకాశం ముదురుతుంది. అంటే బటన్ నొక్కకముందే ఏది నలుపు కావాలో ఏది తెలుపు కావాలో అతను తేల్చేసుకున్నాడన్నమాట. ఆళ్లగడ్డ శిల్పుల దగ్గరకు వెళ్లి ఒక్క పూట కూర్చున్నా ఇది బోధపడుతుంది. మిట్టమధ్యాహ్నం బల్లపరుపుగా కనిపించిన చెక్కడం, సాయంత్రం ఏటవాలు ఎండ తగలగానే కళ్లూ ముక్కూ తెచ్చుకుంటుంది. రాయి అదే, మారింది వెలుతురే.

నిజాం ఆస్థానంలో రాజా దీన్ దయాళ్ గాజు పలకల మీద తీసిన ఫొటోల నుంచి ఈ నలుపు తెలుపు కథ మొదలుపెట్టొచ్చు. నేను మాత్రం నేరుగా మార్కస్ బార్ట్‌లే దగ్గరకే వెళతాను. ‘పాతాళభైరవి’ (1951), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957), ‘గుండమ్మ కథ’ (1962) అన్నీ ఆయన కెమెరావే. మా సీమ బిడ్డ, తాడిపత్రి దర్శకుడు కె.వి.రెడ్డి పక్కన ఆయన నిలబడితే ఎదురేముంది? ‘మాయాబజార్’లో పడవ పాట చూడండి. ఆ వెన్నెల చంద్రుడిది కాదు, బార్ట్‌లేది. నీటి మీద తళుకు, చుట్టూ చీకటి, ముఖాల మీద పలచగా పరిచిన కాంతి. తెర మీద వెన్నెల భ్రమను అలా పుట్టించినవాడు దేశంలో అంతకుముందు లేడని, ఆ సినిమాకు పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు గారి మాట. రంగు చేతకాక ఆయన నలుపు తెలుపులో తీశాడనుకుంటే పొరపాటు. 1965లో వచ్చిన మలయాళం ‘చెమ్మీన్’ రంగుల సినిమా, దానికీ కెమెరా ఆయనదే.

ఇక ఊళ్లలోని స్టూడియోలు. పేరు లేని మహానుభావులు అక్కడే ఉండేవాళ్లు. నెగటివ్ టచింగ్ అనే పని ఇప్పటి పిల్లలకు తెలియదు. వాలుబల్ల మీద అద్దం, దాని మీద నెగటివ్, కింద నుంచి వెలుతురు. ముఖం మీది ముడత నెగటివ్‌లో ఖాళీ గీతగా కనిపిస్తుంది. సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ఆ గీతను చుక్కచుక్కగా నింపితే ప్రింటులో ముడత మాయం. ఒక్క చుక్క ఎక్కువైతే ముఖం పాలిపోతుంది. ఆ తర్వాత చీకటిగది. ఎర్ర బల్బు వెలుగు బ్రోమైడ్ పేపరుకు సోకదు కాబట్టి దాని కిందే పని. ఎన్‌లార్జర్ వెలుగుతున్నప్పుడు ముఖం నల్లబడకుండా అరచేయి అడ్డుపెట్టి ఆడిస్తూ ఉండేవాళ్లు. డెవలపర్‌లో బొమ్మ ఎంత తేలాక తీయాలో, హైపోలో ఎప్పుడు వేయాలో కన్నే చెప్పాలి.

ఇంత విద్యకు మనం చేసిన సన్మానం ఏమిటంటే, 2010లో ‘మాయాబజార్’కు రంగులు పూసి విడుదల చేయడం. జనం చూశారు, చప్పట్లు కొట్టారు, కాదనను. కానీ కథానాయిక సావిత్రి చీర రంగు కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లు నిర్ణయించారు. బార్ట్‌లే నలుపు తెలుపుల్లో తూచి పెట్టిన వెన్నెల మీద నీలిరంగు నీళ్లు చల్లారు. దాన్ని గౌరవమంటే నేను ఒప్పుకోను.

నంద్యాల, ఆళ్లగడ్డ, వెలుగోడు వైపు పాత స్టూడియోలు నడిపిన కుటుంబాలకు ఒక మనవి. అటక మీది నెగటివ్ పెట్టెలను పాతసామానుకు వేయకండి. ఒక్కొక్కటీ యాసిడ్ లేని కాగితంలో చుట్టి తడి తగలని చోట పెట్టండి. వెనిగర్ వాసన వస్తున్నవి చెడిపోతున్నట్టు లెక్క, వాటిని మిగతావాటికి దూరంగా ఉంచండి. ఇంట్లో స్కానరు లేకపోతే వెలుగుతున్న తెల్లటి తెర మీద పరిచి ఫోన్‌తోనైనా తీసి, నలుపును తెలుపుగా తిప్పుకోండి. ముందు ఆ వెనిగర్ వాసన పెట్టెలతోనే మొదలుపెట్టండి, వాటికి ఎక్కువ గడువు లేదు.