ఉప్పెనకు ముందటి గంటలు

తుఫాను మీద మన భాషలో రచనలకు కొరత లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తర్వాత కవితలు, కథలు, పాటలు విరివిగానే వచ్చాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం నీళ్ళు తీసిన తర్వాతే మొదలవుతాయి. శవాలు, నేలకొరిగిన తాళ్ళు, తల్లిని వెతుక్కునే పసిపిల్ల, పైనుంచి జారవిడిచే పొట్లాలు, మంత్రిగారి పర్యటన. వీటి వెనుక నిజమైన దుఃఖం ఉంది, కాదనను. కానీ హెచ్చరికకూ అలకూ మధ్య ఉండే ఆ కొద్ది గంటలు, ఉండాలా పోవాలా అని మనుషులు తేల్చుకోలేక నలిగే గంటలు, మన రచయితల చేతిలో రెండు వాక్యాలతో సరి. ఆకాశం నల్లబడింది, గాలి హోరెత్తింది, అంతే.

పదో తరగతి పిల్లల చేత తుఫాను మీద వ్యాసం రాయించి చూడండి. "ప్రకృతి పగబట్టింది" అనే మాట ప్రతి కాయితంలోనూ తగులుతుంది. పిల్లలు దాన్ని గైడ్ల నుంచి నేర్చారు. గైడ్లు ఎవరి నుంచి నేర్చాయో వేరే చెప్పనక్కర్లేదు. ఈ మాట అమాయకమైనది కాదు. ఇది ముద్దాయిని నేల మీది నుంచి ఆకాశానికి మార్చేస్తుంది. గాలి ఊరంతటికీ ఒకటే. ఆ గాలి కోసం కాచుకుని కూర్చోవడం మాత్రం ఊరంతటికీ ఒకటి కాదు. బందరులోనో బెజవాడలోనో బంధువులున్నవాడు పొద్దుటి బస్సుకే పిల్లల్ని పంపేస్తాడు. డాబా ఉన్నవాడు తలుపులు బిడాయించుకుంటాడు. వల, పడవ, గేదె తప్ప వేరే ఆస్తి లేనివాడికి వాటిని వదిలి ప్రాణం ఒక్కటీ దక్కించుకుంటే రేపటి నుంచి ఆ ప్రాణాన్ని దేనితో నిలబెట్టుకోవాలన్నది ప్రశ్న. వాడు కదలకపోవడాన్ని మనం మూర్ఖత్వమనో, విధి మీద నమ్మకమనో రాసేస్తున్నాం. అందులో ఉన్న లెక్కను రాయడం లేదు.

ఆ లెక్కను రాసిన నవల ఒకటి ఉంది. అది మనది కాదు. అమెరికా నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ 1937లో ప్రకటించిన 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్'. వాళ్ళ కళ్ళు దేవుణ్ణే చూస్తున్నాయి అని పేరుకు అర్థం. అందులోని తుఫానుకు ఆధారం 1928 సెప్టెంబరు 16 రాత్రి ఫ్లోరిడాను కొట్టిన హరికేన్. అట్లాంటిక్ తీరం దాటిన ఆ గాలి లోపల ఉన్న ఓకీచోబీ అనే పెద్ద సరస్సును ఎగదోసింది. చుట్టూ పోసిన మట్టికట్ట తెగింది. నీళ్ళు పడింది ఆ కట్ట కింద నల్లరేగడిలో చిక్కుడు ఏరుకునే వలస కూలీల మీద. వాళ్ళలో అత్యధికులు నల్లవాళ్ళు. మొదట ప్రభుత్వం చెప్పిన మృతుల లెక్క 1836. దాన్ని 2500కు తక్కువ కాదని దిద్దడానికి 2003 దాకా పట్టింది. వెస్ట్ పామ్ బీచ్‌లో 674 మంది నల్లవాళ్ళను ఒకే గోతిలో పూడ్చారు.

హర్‌స్టన్ ఈ అంకెలేవీ చెప్పదు. ఆమె చెప్పేది నిరీక్షణ. ముందు సెమినోల్ తెగవాళ్ళు సామాన్లు నెత్తిన పెట్టుకుని తూర్పుకు నడిచిపోతారు. అడిగితే రెల్లు పూసింది, గాలివాన వస్తుంది అంటారు. వాళ్ళ వెనుక కుందేళ్ళు, పాములు, ఆ తర్వాత పెద్ద జంతువులు. కూలీలు ఇదంతా చూస్తూనే ఉంటారు. కానీ ఆ పూట చిక్కుడు ధర బాగుంది. రోజుకు ఏడెనిమిది డాలర్లు గిడుతున్నాయి. పైగా కట్ట మీది పెద్ద ఇళ్ళ తెల్లవాళ్ళు కదలలేదు. ప్రమాదమే ఉంటే వాళ్ళకు తెలియదా? కథానాయకుడు టీ కేక్‌ను ఒక స్నేహితుడు కారులో రమ్మని పిలిచినా అతను వెళ్ళడు. రాత్రి అయ్యాక, గాలి గుడిసెలను పట్టి ఊపుతున్నప్పుడు, టీ కేక్, జేనీ చీకట్లోకి చూస్తూ కూర్చుంటారు. అప్పుడు వస్తాడు దేవుడు.

ఈ క్రమం గమనించాలి. దేవుడు మొదట రాలేదు. ఆలోచించే పనిని పెద్ద ఇంటికి అప్పజెప్పడం మొదట. ఆ పెద్ద ఇంటి జ్ఞానం పటాపంచలయ్యాక మిగిలినవాడు దేవుడు. కూలి ధర వాతావరణ సూచిక అయిపోవడం, యజమాని ఇంటి దీపమే అపాయం లేదనడానికి ఆధారం కావడం: శ్రమజీవి చైతన్యాన్ని యజమాని చైతన్యం ఎట్లా ఆక్రమిస్తుందో సిద్ధాంత గ్రంథాల్లో చదివాం. గుడిసె గడపలో జరుగుతుండగా చూపిన రచనలు తక్కువ. తుఫాను వెలిసిన తర్వాత ఇద్దరు తెల్లవాళ్ళు టీ కేక్‌ను తుపాకీ చూపి శవాలు పూడ్చే పనికి తోలుకుపోతారు. పెట్టెలు చాలవు గనక తెల్ల శవాలకే పెట్టెలు. ఉబ్బిన శవాల్లో ఏది తెల్లదో చర్మాన్ని బట్టి తెలియక జుట్టు చూసి వేరుచేస్తారు. వ్యాఖ్యానం అక్కర్లేని ఘట్టం.

ఇక పేచీ ఇది. ఈ నవల వచ్చిన ఏడాదే ప్రగతివాద పత్రిక 'న్యూ మాసెస్'లో రిచర్డ్ రైట్ దీన్ని తీసిపారేశాడు. దీనికి ఇతివృత్తమూ సందేశమూ లేవని, తెల్ల పాఠకుల వినోదానికి రాసిందని ఆయన అభిప్రాయం. రైట్ సామాన్యుడు కాడు. నల్లజాతి సాహిత్యంలో అభ్యుదయ పక్షాన నిలిచిన గొప్ప రచయిత. ఆయన ఆరోపణలో పిసరంత న్యాయం లేకపోలేదు. నవల మొదటి సగం ప్రేమల చుట్టూ తిరుగుతుంది. తుఫాను తర్వాత పిచ్చికుక్క కాటు మీద ముగింపు నడిపించడం నాకూ రుచించదు. వ్యవస్థ చేసిన హత్య కాస్తా ప్రమాదంగా మారిపోతుందక్కడ. కట్టను మట్టితో సరిపెట్టిందెవరన్న ప్రశ్న జోలికీ ఆమె పోదు. అయినా తుఫాను అధ్యాయంలో పచ్చిగా ఉన్న వర్గ వాస్తవం ఆ పత్రిక కంట పడలేదంటే, నినాదం రూపంలో లేని వస్తువును గుర్తుపట్టే అలవాటు దానికి లేకపోవడమే కారణం. హర్‌స్టన్ 1960లో పేదరికంలో చనిపోయింది. ఆలిస్ వాకర్ వెళ్ళి వెతికి రాయి పాతించేదాకా, అంటే 1973 దాకా, ఆమె సమాధికి గుర్తు కూడా లేదు. ఈ జబ్బు ఒక్క 'న్యూ మాసెస్'దే అనుకోనవసరం లేదు. మన సమీక్షల పేజీలు తిరగేసినా కనబడుతుంది.

దివిసీమకు వద్దాం. ఆ ఉప్పెన మీద వచ్చిన రచనల్లో నగ్నముని 'కొయ్యగుర్రం' దీర్ఘకవితది ప్రత్యేక స్థానం. చలనం లేని వ్యవస్థను కొయ్యగుర్రంగా చూపి, ముద్దాయిని నేల మీదనే పట్టుకున్న కావ్యమది. ఆ ఆగ్రహానికి వంక పెట్టలేం. కానీ ఊరి లోపలి సంబంధాలను పోగు పోగుగా విప్పడం వచనానికి చేతనైనంతగా కవితకు కాదు. ఆ పని మన కథకులకు మిగిలింది, ఇంకా మిగిలే ఉంది. అధికారిక లెక్కకే దాదాపు 10 వేల మంది పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్ళ పేర్లు ఆ రోజుతోనే రాష్ట్రమంతటికీ తెలిశాయి. ఆ కార్తీకమాసపు శనివారం పొద్దున ఆ ఊళ్ళలో రేడియో ఉన్న ఇల్లు ఎవరిది? అక్కడ విన్న మాట పల్లెపాలెం దాకా ఎవరు మోశారు, మోస్తే వాళ్ళనెవరు నమ్మారు? రేవులో ఎగరేసిన ప్రమాద సూచిక అంకె కూలికి పోయే ఆడమనిషికి ఏమని అర్థమయింది? చేను కోతకొచ్చిన రోజుల్లో రైతును అడగకుండా ఊరు వదలగలిగే పాలేరు ఎంతమంది?

ఇవి ఊహాగానాలని తోసెయ్యడానికి వీల్లేదు. 1990 మే నెలలో అదే కృష్ణా తీరం మీదికి మరో పెనుతుఫాను వచ్చింది. ఈసారి లక్షల మందిని ముందే తరలించారు. చనిపోయినవాళ్ళు వెయ్యిలోపు. అదీ చిన్న సంఖ్య కాదు గానీ, పదివేలకూ దీనికీ ఉన్న తేడా ప్రకృతి దయతో వచ్చింది కాదు. 1977 తర్వాత తీరం వెంట లేచిన తుఫాను రక్షణ భవనాలు, ముందస్తు సమాచారం, తరలింపు, వీటన్నిటికీ అందులో వాటా ఉంది. అంటే నిరీక్షణ రూపం మారింది. గుడిసెలో ఒంటరిగా కాచుకునే రాత్రి పోయి, కాంక్రీటు కప్పు కింద ఊరు ఊరంతా కాచుకునే రాత్రి వచ్చింది.

కథకు ఇంతకంటే ముడిసరుకు ఏం కావాలి? పగలు ఒకరి వాకిట్లోకి ఒకరు పోని మనుషులు తెల్లవార్లూ ఒకే గదిలో. మంచినీళ్ళ కుండ ఎవరి పక్కన పెట్టారు, మెట్ల మీద తడుస్తూ కూర్చున్నదెవరు, పొయ్యి దగ్గర ఎవరి పెత్తనం నడిచింది, గేదెను వదిలి రానని గుడిసెలోనే ఉండిపోయిన ముసలమ్మను పిలుచుకురావడానికి ఆ గాలిలో లేచి వెళ్ళింది ఎవరి కొడుకు? అది రాసిన కథ ఇంకా నా కంటబడలేదు.