కారు ఎత్తు చక్రం చెప్పాలి

పాత కారును కాస్త కిందికి దించితే అందం వస్తుంది. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. అయితే ఎంత దించాలో తేల్చాల్సింది దూరం నుంచి చూసే కన్ను కాదు, చక్రం. స్టాండర్డ్ హెరాల్డ్ విషయంలో ఈ మాట మరీ నిజం.

1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్‌గా వచ్చిన ఈ బండిని 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు తయారుచేశారు. 1962లో వచ్చిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌దీ ఇదే కుదురు. రెండింటికీ ముందువైపు కాయిల్ స్ప్రింగులు, వెనక అడ్డంగా ఒకే కమాను కట్ట. అందుకే స్పిట్‌ఫైర్ కోసం చేసే పొట్టి స్ప్రింగులు మన హెరాల్డ్ యజమానులనూ ఊరిస్తుంటాయి.

కిటుకంతా వెనక ఉంది. ఒక్కో వెనక చక్రానికి కీలు ఒక్కటే, అదీ డిఫరెన్షియల్ పక్కన. బండి లేస్తే చక్రాల అడుగులు లోపలికి ముడుచుకుంటాయి, దిగితే పైఅంచులు లోపలికి వాలతాయి. మలుపులో వేగంగా పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలామంటే వెనక భాగం పైకి లేచి, బయటివైపు చక్రం బండి కిందికి మడుచుకుపోతుంది. అక్కడితో పట్టు పోతుంది. స్పిట్‌ఫైర్‌లో దీన్ని అదుపు చేయడానికి 1970లో కట్టలో ఒక్క పట్టీనే బిగించి, తక్కినవాటిని ఊగనిచ్చారు. మద్రాసు వాళ్లు 1972 నాటి గజెల్ కారులో ఆ ఒంటి కీలు ఏర్పాటే తీసేసి, అడ్డంగా ఒకే గట్టి యాక్సిల్ పెట్టారు. కాబట్టి హెరాల్డ్ వెనక భాగాన్ని కాస్త దించడం షోకు మాత్రమే కాదు, ప్రాణరక్షణ కూడా. చక్రాల పైఅంచులు ఇసుమంత లోపలికి వాలి ఉండాలి. ఎత్తుగా నిలబెట్టిన హెరాల్డ్‌ను చూస్తే నాకు భయమేస్తుంది.

కొలతను నేల నుంచి తీయకండి, టైరులో గాలిని బట్టి అది మారిపోతుంది. చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపు పట్టాలి. కారు సమమైన గచ్చు మీద ఉండాలి, ట్యాంకులో సగం పెట్రోలు ఉండాలి, డ్రైవరు సీట్లో మనిషి బరువూ ఉండాలి. నేను పాతిక కిలోల బియ్యం మూటలు మూడు పెడతాను. జాకీ దించిన వెంటనే కొలిస్తే లెక్క తప్పుతుంది, ముడుచుకున్న చక్రాలు అలాగే ఉండిపోతాయి గనక. బండిని నాలుగు గజాలు ముందుకూ వెనక్కూ తోస్తేనే టైర్లు వాటి చోటికి వస్తాయి.

“అన్నా, బోల్టులు ఇప్పుడే బిగించేస్తే పనయిపోతాది కదా” అన్నాడు మా మెకానిక్ కుర్రాడు, చక్రాలు ఇంకా గాల్లో ఉండగానే. వద్దన్నాను. బుష్షులోని రబ్బరు ఏ స్థితిలో బిగిస్తే అదే తన స్థానమనుకుంటుంది. గాల్లో బిగిస్తే కారు దిగాక మెలిపడి, బండిని పైకి ఎత్తి పట్టుకుంటుంది, కొన్నాళ్లకు చిరిగిపోతుంది. మన పక్కనే పుత్తూరులో కట్టు కట్టేవాళ్లు ఎముక సర్దుకుందో లేదో వేళ్లతో చూసుకున్నాకే బిగిస్తారు. బుష్షులకూ అదే వరస.

దించడానికీ హద్దుంది. పుత్తూరు రోడ్డులో స్పీడ్ బ్రేకర్లు ఇంగ్లండు పుస్తకాల లెక్కకు అందవు. పైగా మామిడి కాయల కాలంలో డిక్కీ నిండా తోతాపురి వేసుకుని పోవాల్సిందే. ఖాళీ బండికి ముచ్చటగా కుదిరిన ఎత్తు అప్పుడు చాలదు. వెనక బంప్ రబ్బరు మీద తడి బంకమన్ను ముద్ద అంటించి, బరువేసుకుని, మెల్లగా స్పీడ్ బ్రేకరు దాటి చూడండి. మన్ను అప్పడంలా చితికిందంటే మరీ దించేశారన్నమాట.

ఒక్క మనవి. కాయిల్ స్ప్రింగుకు రంపం పెట్టకండి. చుట్లు తగ్గినకొద్దీ అది బిరుసెక్కుతుంది, కోసిన కొస గిన్నెలో సరిగ్గా కూర్చోదు. అంతెత్తుకు తయారైన స్ప్రింగునే కొనండి. నాలుగు చక్రాల కొలతలూ కాయితం మీద రాసిపెట్టుకోండి. కొత్త స్ప్రింగులు వాడుకలో కాస్త కుంగుతాయి కాబట్టి నెల తిరిగాక మళ్లీ టేపు పట్టండి.