ఇటు హాలీ, అటు కల్దారు

భద్రాచలం గుడి కథ ఎవరిని అడిగినా గోపన్న దగ్గరే మొదలుపెడతారు. పాల్వంచ పరగణా తహశీల్దారు, తానాషా ఖజానా సొమ్ము, గోల్కొండ చెరసాల. చిత్తూరు నాగయ్య గారు ఒక సినిమా తీశారు, 2006లో నాగార్జునతో ఇంకోటి వచ్చింది. స్థలపురాణం మాత్రం గోపన్న కంటే ముందు ఇంకొకరి పేరు చెబుతుంది. పోకల దమ్మక్క. భద్రిరెడ్డిపాలెం ఆదివాసీ స్త్రీ. పుట్టలో రాముడి విగ్రహం కనిపిస్తే పైన పందిరేసి, అడవిలో దొరికిన పండు పెట్టి కొలిచింది. ఆమెకు దక్కేది రెండు వాక్యాలు. మూడో వాక్యంలో గోపన్న వచ్చేస్తాడు.

మణుగూరులో కూర్చుని హైస్కూలు, ఇంటర్ పిల్లల కోసం చారిత్రక కథలు రాయాలనుకునేవాళ్ల పని ఆ రెండు వాక్యాల దగ్గరే మొదలవ్వాలని నా అభిప్రాయం.

తెలుగులో పిల్లల సాహిత్యం ఉంది, పెద్దల సాహిత్యం ఉంది. మీసం మొలిచీ మొలవని వయసుకు మాత్రం ఎవరూ పీట వెయ్యలేదు. 1947లో మొదలైన చందమామ చదివి పెరిగిన తరాలు అది దాటగానే మధుబాబు షాడోలో పడ్డాయి. తప్పేం లేదు, నేనూ పడ్డాను. చరిత్ర కావాలంటే బాపిరాజు 'గోన గన్నారెడ్డి', నోరి నరసింహశాస్త్రి 'రుద్రమదేవి'. కోటలు, గుర్రాలు, సామంతుల కుట్రలు. చదివించే గుణానికి లోటు లేదు గానీ, ఆ కోటలకు కట్టెలు మోసినవాళ్లు అందులో గుంపుగానే కనిపిస్తారు. తర్వాత దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' వచ్చింది. అల్లం రాజయ్య, సాహు కలిసి 'కొమురం భీం' రాశారు. బిర్సా ముండా మీద మహాశ్వేతాదేవి రాసిన నవల 'ఎవరిదీ అడవి' పేరుతో తెలుగులోకి వచ్చింది. అన్నీ పెద్దల కోసం రాసినవే. తొమ్మిదో తరగతి పిల్లకు వాటిని ఇస్తే చదువుతుంది, కానీ అందులో తన వయసు మనిషి కోసం వెతుక్కుంటుంది.

సరుకు లేక కాదు. మా పక్కన పారే గోదావరి ఒకప్పుడు రెండు ప్రభుత్వాల సరిహద్దు. 1860 ఒప్పందంతో నిజాం ఎడమ గట్టు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నాడు. 1874లో భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో కలిసింది. ఖమ్మం జిల్లాలోకి వచ్చింది మళ్లీ 1959లోనే. కుడి గట్టున మేము నిజాం రాజ్యంలో ఉండిపోయాం. వంతెన 1965లో గానీ రాలేదు, అప్పటిదాకా పడవే దిక్కు. ఇటు చెల్లేది నిజాం హాలీ సిక్కా, అటు ఇంగ్లీషువాళ్ల కల్దారు. ఏడు హాలీలిస్తే సుమారు ఆరు కల్దార్లు. సరిహద్దు దాటే సరుకు మీద సుంకం వసూలు చేయడానికి నిజాం సర్కారుకు కరోడ్‌గిరి అని ఒక శాఖే ఉండేది.

నేనిప్పుడు రాస్తున్న కథకు ఈ నాణేలే ఆధారం. 1936. పదిహేనేళ్ల కోయ పిల్ల శ్రీరామనవమి తిరునాళ్లకు చింతపండు గంప ఎత్తుకుని అవతలి గట్టుకు పోయింది. అమ్మితే చేతికొచ్చింది కల్దారు రూపాయి. తిరుగు పడవ దిగాక ఇవతల ఉప్పు కొనాలి. షావుకారు రూపాయిని తిప్పి తిప్పి చూసి, ఇది ఇక్కడ చెల్లదంటాడు. అయినా పాపం ఆడపిల్లవి కదా, హాలీ కింద జమకట్టుకుంటానంటాడు. అంటే రూపాయి మీద రెండున్నర అణాల పైచిలుకు మింగేశాడన్నమాట. ఆ పిల్లకు బడి తెలియదు గానీ వేళ్ల కణుపుల మీద లెక్క వచ్చు. గొడవపడితే రేపు పొద్దున పటేలు నుంచి ఇంటికి కబురొస్తుంది. ఊరుకుంటే తమ్ముడి ముందు తలెత్తుకోలేదు. రూపాయి తీసుకుని వెనక్కి తిరిగితే ఈ వారం ఇంట్లో చప్పిడి కూడు.

ఇక్కడ విప్లవ వీరుడెవరూ ఊడిపడి ఆదుకోకూడదు. దయగల పంతులు గారు కూడా వద్దు. అడవి బిడ్డలను మన కథల్లో రెండు పనులకే వాడుకుంటున్నాం. ఒకటి, హీరోకు దారి చూపించడం. రెండు, ఆఖర్న తూటా తగిలి చనిపోవడం. ఈ పిల్ల రెండూ చెయ్యదు. ఏదో ఒకటి తేల్చుకుని, దాని ఖరీదు తానే కడుతుంది. ఆ వయసు పాఠకులకు కావలసింది అదేనని నేను నమ్ముతాను. వాళ్ల సొంత బతుకుల్లోనూ నిర్ణయాలు అప్పుడప్పుడే చేతికొస్తున్నాయి.

మిల్డ్రెడ్ టేలర్ అనే అమెరికన్ రచయిత్రి 1976లో ఇలాంటి పనే చేసింది. మిసిసిపీలోని ఒక నల్లజాతి కుటుంబం కథ అది. తండ్రి చెప్పిన ఇంటి ముచ్చట్లే ముడిసరుకు. కథ చెప్పేది తొమ్మిదేళ్ల క్యాసీ. జరుగుతున్న అన్యాయం ఆ పిల్లకు పూర్తిగా అర్థం కాకముందే పాఠకుడికి అర్థమైపోతుంది. కిటుకంతా అక్కడుంది. మరుసటి ఏడాది ఆ పుస్తకానికి న్యూబెరీ పతకం ఇచ్చారు.

మనకూ ఇంటి ముచ్చట్లు చెప్పేవాళ్లున్నారు. మా మండలంలోనే కూనవరం అని ఒక ఊరుంది (శబరి కలిసే చోట ఉన్న కూనవరం కాదు, అది వేరు). ఆ ఊరి సకిని రామచంద్రయ్య డోలి వాయిస్తూ కోయల వంశగాథలు, సమ్మక్క సారలమ్మల కథ చెప్పేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 జూన్‌లో పోయారు. డోలి కథకు తోడుగా పడిగె ఉంటుంది. మూడుకోణాల పొడుగాటి గుడ్డ, దాని మీద వేల్పుల బొమ్మలు, పూర్వీకుల బొమ్మలు.

మేడారం కథ ఊరికో తీరుగా వినిపిస్తుంది. పులుల మధ్య పసిపిల్ల దొరకడం, కరువులో కప్పం కట్టలేమనడం, ప్రతాపరుద్రుడి సైన్యం రావడం, సంపెంగవాగు జంపన్నవాగు కావడం. ఒక్కో చెప్పరి దగ్గర ఒక్కో ముక్క పెరుగుతుంది, ఇంకోటి తరుగుతుంది. కాకతీయుల శాసనాల్లో ఈ యుద్ధం ఊసు కనబడదు. చరిత్రకారుడికి ఇది చిక్కేమో గానీ కథకుడికి కాదు. ఒకే పుస్తకంలో అవ్వ ఒక రకంగా, డోలి తాత ఇంకో రకంగా చెప్పనివ్వండి. పద్నాలుగేళ్ల పాఠకులు తికమకపడరు. ఒకే పెళ్లి గురించి తాత ఒకటి, నానమ్మ ఇంకోటి చెప్పడం వాళ్లు ఇంట్లో వింటున్నదే.

కల్పించింది ఏదో, జరిగింది ఏదో చెప్పడం మాత్రం రచయిత బాధ్యత. ఆర్ఆర్ఆర్ వచ్చినప్పటి నుంచి ఏ బడికి పోయినా ఒక ప్రశ్న తప్పడం లేదు. "మేడమ్, భీం, రామరాజు నిజంగా దోస్తులేనా?" కాదు నాయనా. రామరాజును 1924లో చంపేశారు. భీం 1940లో జోడేఘాట్ పోరులో చనిపోయాడు. కలిసినట్టు ఆధారం లేదు. ఇలా చెబితే పిల్లల మొహాలు వాడిపోతాయి. అందుకని వెంటనే గాం మల్లుదొర సంగతి ఎత్తుకుంటాను. రామరాజు దళంలో పోరాడి శిక్ష అనుభవించిన మనిషి, 1952లో గెలిచి తొలి లోక్‌సభలో కూర్చున్నాడు. వెనక బెంచీలు కూడా ముందుకు వంగుతాయి. "మరి ఆయన మీద సినిమా ఎందుకు తియ్యలేదు మేడమ్?" అని ఒకడడిగాడు. నా దగ్గర జవాబు లేదు. నవల చివర రెండు పేజీలు మిగుల్చుకుని ఏది జరిగిందో, ఏది నేను అల్లానో రాసిపెడితే ఇలాంటి ప్రశ్నలు ఇంకా పుడతాయి.

మాటల సంగతి. మన సినిమాల్లో కోయదొర అంటే ఈకల తలపాగా, వంకర తెలుగు, చెయ్యి చూసి జోస్యం. ఆ వేషం మన కలాల్లోకీ చొరబడింది. కోయలో మాట్లాడుకునే తల్లీకూతుళ్ల సంభాషణను నిండైన తెలుగులో రాయాలి. వాళ్ల భాషలో వాళ్లు తడబడరు కదా. తడబాటు రావలసింది సుంకం నాకా దగ్గర, ఉర్దూ జవాను ఎదురైనప్పుడు. అక్కడ జవాను కూడా తడబడాలి. ఆ జవాను దుర్మార్గుడే కానక్కర్లేదు, జీతం రాని నెలలో ఇంటికి ఉత్తరం రాసుకుంటున్న కుర్రాడు కావచ్చు. కులానికొకరిని ఏరి పడవ ఎక్కిస్తే వైవిధ్యం రాదు. తిరునాళ్ల రేవులో పడవ నడిపే బెస్తలు, బండ్ల మీద వచ్చిన లంబాడీలు, దూరాల యాత్రికులు ఎలాగూ ఉంటారు. మనం చూడటమే తరువాయి.

మణుగూరు, పినపాక, కరకగూడెం, గుండాల బడుల్లో తెలుగూ సాంఘికశాస్త్రమూ చెబుతున్న ఉపాధ్యాయులకు ఒక మనవి. మీ ఊళ్లలో డోలి చెప్పే పెద్దలుంటే ఒక మధ్యాహ్నం పిల్లల్ని వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. ముందు అడగండి, ఒప్పుకుంటేనే ఫోనులో రికార్డు చేయించండి. చెప్పినవాళ్ల పేరు, ఊరు, తేదీ పిల్లల చేతే రాయించండి. రేపు ఆ పిల్లల్లో ఎవరైనా దాన్ని నవల చేస్తే అట్ట మీద ఆ పెద్దల పేరు ఉండాలి. డబ్బులొస్తే వాటా కూడా ఇవ్వాలి.