‘మాయమైంది’: ఈ క్రియకు కర్త ఎవరు?

మనవణ్ణి బడిలో చేర్చడానికి ఒక అవ్వ వచ్చింది. దరఖాస్తులో తల్లి పేరు రాసుకుని, ఆమె ఎక్కడుంటుందని అడిగాను. “ఏం సెప్పల్ల సారూ, పిల్ల మాయమైపాయ” అంది. ఇంకేదో చెప్పబోయింది. వెంట వచ్చిన పెద్దమనిషి చెప్పనివ్వలేదు.

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి కనుక ఆ క్రియ నన్ను వదల్లేదు. “పిల్ల మాయమైంది” అన్న వాక్యంలో కర్త పిల్లే. ఆమెను ఎవరు కట్టడి చేశారో, ఎవరు గడప దాటించారో ఆ వాక్యానికి అక్కర్లేదు. మాయమైన నేరం కూడా ఆమె మీదే పడుతుంది. “మాయం చేశారు” అంటే మాత్రం వెంటనే “ఎవరు?” అన్న ప్రశ్న లేస్తుంది. ఆ ప్రశ్న లేవకుండా ఉండడానికే లోకం మొదటి వాక్యాన్ని ఇష్టపడుతుంది. మరి సాహిత్యం ఏ వాక్యాన్ని ఎంచుకుంటున్నది?

ఇది తేల్చుకోవడానికి మన జనం బాగా ఎరిగిన బాలనాగమ్మ కథనే తీసుకుందాం. అహోబిలం పారువేట పల్లకి మా శిరివెళ్ల వైపు పల్లెల్లో తిరిగే రోజుల్లో, చిన్నప్పుడు, రాత్రిళ్లు ఈ కథ విన్నాను. బుర్రకథగా, సురభి వారి నాటకంగా, 1942లో జెమినీ వారి సినిమాగా, 1959లో మరో సినిమాగా ఇది తరాల తరబడి బతికింది. పామరుల వినోదమని పండితులు దీన్ని పక్కన పెట్టారు. అది పొరపాటు.

ఊయలలో బిడ్డను వదిలి బాలనాగమ్మ కనబడకుండా పోతుంది. భిక్షకుడి వేషంలో వచ్చిన మాయల ఫకీరు ఆమెను కుక్కగా మార్చి తోలుకుపోయాడు. వెతకబోయిన భర్త కార్యవర్ధిరాజు, అతని అన్నలు రాళ్లయిపోతారు. ఇంట్లో ఆమె తోడబుట్టిన అక్కలు, పసివాడు బాలవర్ధిరాజు మిగులుతారు.

ఈ కథలో గొప్పతనం రెండు చోట్ల ఉంది. మొదటిది, కర్తను దాచకపోవడం. ఇంటివాళ్లకు తెలియని నిజం శ్రోతకు తెలుసు. “ఎక్కడికి పోయిందో” అన్న ఉత్కంఠ మీద కథ బతకదు; “ఎవరు ఎత్తుకుపోయారో” మనకు చూపించి మరీ నడుస్తుంది. రెండవది, నిర్బంధాన్ని అర్థం చేసుకున్న తీరు. ఫకీరు ఆమెను రోజూ కొరడాతో కొట్టడు. బతిమాలుతాడు, బెదిరిస్తాడు, గడువు పెడతాడు. ఆమె వ్రతం పేరు చెప్పి ఆ గడువును పొడిగించుకుంటుంది. అక్కడే ఉన్న సంగు అనే స్త్రీకి ఈమె తోటి బందీగా కనబడదు, పోటీదారుగా కనబడుతుంది. బందీలను ఒకరికొకరిని శత్రువులుగా నిలబెట్టడం పెత్తనం పద్ధతి. ఫకీరు ప్రాణం అతని ఒంట్లో లేదు, ఎక్కడో చిలకలో ఉంది. పెత్తనం బలం పెత్తందారు కండల్లో కాక ఆస్తిలో, ఆచారంలో, ఇరుగుపొరుగు మౌనంలో ఉంటుందని చెప్పడానికి ఇంతకంటె మంచి ప్రతీక దొరకదు.

ఇక లోపాలు. ఆమె వ్రతం నిజానికి బతకడానికి పన్నిన ఎత్తు. కథ దాన్ని పాతివ్రత్యంగా కీర్తించింది. అంటే ఎత్తు పారని ఆడదానికి ఈ కథలో చోటు లేదు. అంతకంటె పెద్ద లోపం, దుర్మార్గుణ్ణి పరాయివాణ్ణి చేయడం. నాటకంలో ఫకీరు, సినిమాలో మరాఠీ. ఎవడైనా బయటివాడే, పైగా మంత్రగాడు. కాని కథ మొదట్లోనే ఇంకొక మాయం ఉంది. సవతి తల్లి మాట విని నవభోజరాజు తన ఏడుగురు కూతుళ్లను అడవి పాలు చేశాడు. ఆ మాయం చేసినవాడు ఫకీరు కాదు, కన్నతండ్రి. కథ దాన్ని తలరాతగా దాటించి, ఆగ్రహమంతా ఫకీరు కోసం దాచుకుంది. భూస్వామ్య కుటుంబం తనను తాను కాపాడుకునే పద్ధతే ఇది.

ఈ క్రియను మార్చిన ఒక తండ్రి మనకు పొరుగునే ఉన్నాడు. ఎమర్జెన్సీలో, 1976 మార్చిలో, కేరళలో రాజన్ అనే ఇంజనీరింగు విద్యార్థిని పోలీసులు పట్టుకుపోయారు. తండ్రి ఈచర వారియర్ “నా కొడుకు కనబడలేదు” అని ఊరుకోలేదు. 1977లో హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేసి, “తీసుకుపోయినవాళ్లు తెచ్చి చూపండి” అన్నాడు. ముఖ్యమంత్రి కరుణాకరన్ రాజీనామా చేయవలసి వచ్చింది. కొడుకు శవం మాత్రం ఆ తండ్రికి దక్కలేదు. 1988లో షాజీ కరుణ్ తీసిన మలయాళ చిత్రం ‘పిరవి’, రాని కొడుకు కోసం ఎదురుచూసే ముసలి తండ్రిని చూపింది. ఎదురుచూపునే వస్తువుగా తీసుకోవచ్చునని ఆ చిత్రం నిరూపించింది.

రాజ్యం చేసిన మాయానికి కర్తను అడగడం కొంత నేర్చుకున్నాం. ఇల్లు చేసే మాయానికి ఇంకా నేర్చుకోలేదు. మాటలతో, డబ్బుతో, మనసు విరిచి చేసే హింస కూడా హింసేనని 2005 నాటి గృహహింస చట్టం ఒప్పుకుంది. ఏడేళ్లు జాడ తెలియని మనిషిని చనిపోయినట్టు భావించవచ్చునని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త చట్టంలోనూ ఏడేళ్లే. ఆ ఏడేళ్లూ ఇంట్లోవాళ్లు ఎలా బతుకుతారు? స్టేషనుకు పోతే పరువు పోతుందని ఎవరు ఆపుతారు? పిల్లవాడి ముందు తల్లి పేరు ఎత్తకూడదని ఎవరు శాసిస్తారు? ఇది చట్టం చెప్పదు, కథకుడు చెప్పాలి. మాయమైన మనిషి మీద సాగిన పెత్తనమే మిగిలినవాళ్ల నోటి మీదా సాగుతున్నదని చూపించగలగాలి.

అందుకని యువ రచయితలకు ఒక మాట. కథను ఆమె కనబడకుండా పోయిన రోజుతో మొదలుపెట్టకండి. అంతకు ముందటి రోజులతో మొదలుపెట్టండి. ఆమె దొరకడంతోనో, శవం తేలడంతోనో ముగించి చేతులు దులుపుకోకండి. బాలనాగమ్మను మళ్లీ రాయదలిస్తే ఇంట్లో మిగిలిన అక్కల వైపు నుంచి రాయండి. తండ్రి ఇంటి గడప నుంచే లెక్క అడగండి.

ఆ పిల్లవాడు ఇప్పుడు నా తరగతిలోనే ఉన్నాడు. రేపు వాడు చదవబోయే కథ కూడా “మాయమైంది” అనే చెబితే, అవ్వ నోరు మూయించిన పెద్దమనిషి పని మనమే చేసినట్టవుతుంది.